రేపు రండి

(నూతన సంవత్సర సమావేశంలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. వారు రాసుకొచ్చిన కాగితాల నుంచే అచ్చువేస్తున్నాం. - సం.)



కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం 'విశ్రాంత జీవితంలో రచనా వ్యాసంగం'. ఈ ప్రసంగం చెయ్యమని ఆయన నన్ను మొదట అడిగింది 2023 జనవరిలో. "దానికేం భాగ్యం, వచ్చే సమావేశానికి తప్పకుండా" అన్నాను. ఆ వచ్చే సమావేశానికి నాకు జలుబు చేసింది. ఆ పై సమావేశానికి మా బావమరిది మనవరాలి ఓణీల వేడుక అడ్డొచ్చింది. మూడోసారి ఆయన ఫోను చెయ్యకుండా ఏకంగా ఆహ్వానపత్రికలో నా పేరు అచ్చువేయించి, పత్రిక ఇంటికి తెచ్చిచ్చారు. ముప్పై ఆరేళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి, అచ్చులో పడ్డ కాగితాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. అందుకని వచ్చాను. రాయడం ఎలాగో చెప్పే అర్హత నాకు లేదు. రాయకుండా ఉండడం ఎలాగో మాత్రం నాకు తెలిసినంతగా ఈ హాల్లో ఇంకెవరికీ తెలియదు. దాని గురించే మాట్లాడతాను.

నేను 1973లో గుమస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. రిటైరైన రోజున శాలువా కప్పారు, దండ వేశారు, రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి చేతిలో పెట్టారు. మైకు ముందు నేనేదో మాట్లాడాలి కదా, "ఇన్నాళ్ళూ ఒకళ్ళు చెప్పింది రాశాను, ఇక నా అనుభవాలు నేను రాసుకుంటాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోటే పుస్తకం రాసేసినంత తృప్తి కలిగింది నాకు. ఇంటికి వచ్చి పెన్ను బీరువాలో పెట్టాను. ఇంకు పోయకుండా అది అక్కడ పద్నాలుగేళ్ళున్నది.

డైరీల సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఏటా ఎవరో ఒకరు డైరీ ఇస్తారు. బ్యాంకు వాళ్ళిస్తారు, ఇన్సూరెన్సు ఏజెంటు ఇస్తాడు, మన సంఘం వాళ్ళూ కొన్నేళ్ళిచ్చారు. ప్రతి జనవరి ఒకటో తారీఖునా స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మొదటి పేజీలో "శ్రీరామ" అని రాసి, "ఈ సంవత్సరం నా ఉద్యోగ జీవితపు అనుభవాలను గ్రంథస్థం చేయ సంకల్పించితిని" అని రాసేవాణ్ణి. రెండో తారీఖున కొంచెం రాసేవాణ్ణి. సంక్రాంతికి పిల్లలొస్తారు కాబట్టి పండగ వెళ్ళాక చూద్దాం అనుకునేవాణ్ణి. ఫిబ్రవరి నుంచి ఆ డైరీలో మా ఆవిడ పాల లెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన తేదీ, చాకలి పద్దు రాసేది. ఇప్పుడు మా ఇంట్లో పద్నాలుగు డైరీలున్నాయి. అన్నిట్లోనూ మొదటి పేజీ ఒకటే. కావాలంటే పాల ధర ఏ ఏడు ఎంత పెరిగిందో మాత్రం వాటిలో చూసి చెప్పగలను. ఆ విధంగా మా ఆవిడే నాకంటే పెద్ద చరిత్రకారిణి.

సాకులకేం తక్కువ? బల్ల లేదన్నాను. మా అబ్బాయి బల్ల కొనిచ్చాడు. దాని మీద ఇస్త్రీ చేస్తున్నారు. కళ్ళు సరిగ్గా ఆనడం లేదన్నాను. శుక్లాల ఆపరేషను రెండు కళ్ళకీ అయింది, ఇప్పుడు ఎదురింటి గేటు మీద నంబరు కూడా కనబడుతుంది. ఇంట్లో గోలగా ఉందన్నాను. పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, ఇప్పుడు మేమిద్దరమే, గోడ గడియారం శబ్దం తప్ప ఇంకో శబ్దం లేదు. అప్పుడు ఇల్లంతా బోసిగా ఉంది, మనసు నిలవడం లేదన్నాను. మన పెన్షనర్లకి ఒక సంగతి తెలుసు. బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే మాత్రం ఒక్కళ్ళమూ వాయిదా వెయ్యం. తెల్లారేసరికి లైన్లో ఉంటాం. అక్కడ గడువుంది, గడువు దాటితే డబ్బు ఆగుతుంది. పుస్తకం ఆగితే ఆగే డబ్బేమీ లేదు.

ఆఫీసులో పనిచేసిన వాళ్ళకి కాల్ బుక్కు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో వాళ్ళ కోసం చెబుతాను. తపాలు రాగానే దానికి నంబరు వేసి పర్సనల్ రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కిన కాగితం తెగేదాకా అది పెండింగు. నెలకోసారి పెండింగు లెక్క తీస్తే గుమస్తాకి చెమటలు పట్టేవి. అయితే ఇప్పట్లో ఏ చర్యా తీసుకోనక్కరలేదు, ఇంకెక్కడినుంచో జవాబు రావాలి, కోర్టులో ఉంది అనుకున్న ఫైళ్ళని అధికారి అనుమతితో కాల్ బుక్కులోకి మార్చవచ్చు. మార్చగానే అది పెండింగు లెక్కలోంచి మాయం. ఫైలు బీరువాలో అక్కడే ఉంటుంది, పని అంతే ఉంటుంది, లెక్కలో మాత్రం కనబడదు. తెలివైన గుమస్తాలు కాల్ బుక్కుని ఎలా వాడుకునేవారో ఇక్కడున్న సూపరింటెండెంట్లకి నేను చెప్పనక్కరలేదు. నా పుస్తకాన్ని నేను అలాగే కాల్ బుక్కులో పెట్టాను. "రిటైరయ్యాక", "అమ్మాయి పెళ్ళయ్యాక", "పీఆర్సీ బకాయిలు వచ్చాక".

పెద్ద పెద్ద రచయితల మాట చూద్దామని ఒక నెల రోజులు లైబ్రరీ చుట్టూ తిరిగాను. అదీ రాయకుండా ఉండడానికి ఒక మార్గమే అని తర్వాత తెలిసింది. కాని కొన్ని మంచి సంగతులు దొరికాయి. విశ్వనాథ సత్యనారాయణ గారు వేయిపడగలు రాసింది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు పెట్టిన నవలల పోటీ కోసం. గడువు ముంచుకొస్తుంటే ఇరవై తొమ్మిది రోజుల్లో తాను చెబుతూ తమ్ముడి చేత రాయించారని చెబుతారు. 1934లో ఆ బహుమతి ఆ నవలకి, అడివి బాపిరాజు గారి నారాయణరావుకి కలిపి ఇచ్చారు. ఇది చదివి నాకు ఉత్సాహం రాకపోగా నీరసం వచ్చింది. మనకి ఆ ధారా లేదు, అంత ఓపికగల తమ్ముడూ లేడు.

గురజాడ అప్పారావు గారి సంగతి కొంచెం ధైర్యం ఇచ్చింది. ఆయనా విజయనగరం సంస్థానంలో కొలువు చేసినవారే. కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, పన్నెండేళ్ళ తర్వాత 1909లో దాదాపు కొత్త నాటకం అన్నట్టుగా తిరగరాసి మళ్ళీ అచ్చువేశారు. మనం ఇప్పుడు కన్యాశుల్కం అని చదివేది ఆ రెండోదే. మొదటిసారి రాసింది ఎలా ఉన్నా ఫరవాలేదు, తర్వాత దిద్దుకోవచ్చు అని అర్థమైంది. అదే గురజాడ గారు కొండుభట్టీయం, బిల్హణీయం అనే రెండు నాటకాలు పూర్తి చెయ్యకుండానే 1915లో కన్నుమూశారు.

అయితే నాకు అందరికంటే దగ్గరగా కనబడిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య గారు. ఆయన మదరాసు సుప్రీం కోర్టులో దుబాసీ. అంటే మనలాగే ఉద్యోగి, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చేర్చే ఉద్యోగం. 1830 మే నెలలో పరివారంతో కాశీయాత్రకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి మదరాసు చేరారు. దారి పొడుగునా ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, దారి ఎలా ఉంది, నీళ్ళెలా ఉన్నాయి, జనం ఎలా ఉన్నారు అన్నీ రాశారు. ఎలా రాయగలిగారు? ఇంటికి వచ్చాక తీరిగ్గా కూర్చుని రాద్దామనుకోలేదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారని ఆయన స్నేహితుడు, మదరాసులో ఉన్నారు. ఆయనకి దారిలోంచి ఎప్పటికప్పుడు రాసి పంపారు. వీరాస్వామయ్య గారు 1836లో పోయారు. 1838లో ఆ పిళ్ళె గారే దాన్ని అచ్చువేయించారు. కాశీయాత్ర చరిత్ర అలా మనకి మిగిలింది. పిళ్ళె గారు కనక ఎదురుచూస్తూ ఉండకపోతే, వీరాస్వామయ్య గారు కూడా "గంగలో మునిగి వచ్చాక చూద్దాం" అనేవారేమో.

ఇంతకీ నేను రాయాలనుకున్నదేమిటి? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరడిగినా "సర్వీసు అనుభవాలు" అనేవాణ్ణి. అనుభవాలు అంటే ట్రాన్స్‌ఫర్లు, జమాబందీలు, ఎలక్షను డ్యూటీలు, 1985లో మండలాలు వచ్చినప్పుడు ఫైళ్ళు ఎడ్ల బళ్ళ మీద పంచుకున్న తమాషాలు. అవన్నీ ఎప్పుడైనా రాయవచ్చు, రాయకపోయినా లోకానికి నష్టం లేదు. అసలు నేను రాయవలసింది ఎనిమిది రోజుల సంగతి.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లాలో ఆ తేదీ తెలియనివాళ్ళు ఉండరు. దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. వేరే తాలూకాల నుంచి మమ్మల్ని సహాయ డ్యూటీకి పంపారు. పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ చేరి, అక్కణ్ణుంచి కొంత లారీలో, కొంత నడిచి, నాగాయలంక వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరికి చేరాం. నేనూ, నాతో పాటే ఉద్యోగంలో చేరిన ఇంకొక గుమస్తా. ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం, ఏరా అంటే ఏరా అనుకునేవాళ్ళం. కోతకొచ్చిన వరి చేలు బురదలో పడుకుని ఉన్నాయి. చెట్ల కొమ్మల్లో గుడ్డలు. ఆ వాసన సంగతి నేను ఇప్పుడు చెప్పను, ఇంకాసేపట్లో టిఫిను చెయ్యవలసిన వాళ్ళం. శవాల పనికి స్వచ్ఛందంగా వచ్చిన కుర్రాళ్ళున్నారు, వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మా పని కాగితం పని. ఎవరున్నారు, ఎవరు పోయారు, ఏ ఇల్లు పడిపోయింది, ఎన్ని పశువులు పోయాయి, జాబితా రాయాలి. ఆ జాబితాని బట్టే బియ్యం, బట్టలు, కిరసనాయిలు, ఆ తర్వాత పరిహారం.

జాబితా రాయాలంటే ఊళ్ళో ఎవరెవరున్నారో ముందు తెలియాలి. కరణం గారి దగ్గర లెక్కలేమీ మిగల్లేదు. అడంగల్ లేదు, ఖాతాలు లేవు, ఇల్లే లేదు. ఆయనకి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఎవరో ఇచ్చిన పొట్టి చొక్కా వేసుకుని బడి అరుగు మీద కూర్చున్నారు. ఏం చేద్దామండీ అని అడిగాం. ఆయన కళ్ళు మూసుకుని "రాసుకోండి" అన్నారు. తూర్పు వీధి ఈ చివర నుంచి మొదలుపెట్టారు. మొదటి ఇల్లు, యజమాని పేరు, భార్య, తల్లి, నలుగురు పిల్లలు. రెండో ఇల్లు. మూడో ఇల్లు. ఆ వీధిలో మనసుతో నడిచివెళ్ళారాయన. మధ్యలో బావి దగ్గర ఆగి, "ఇక్కడ సందులోకి తిరగాలి, లోపల రెండిళ్ళున్నాయి" అనేవారు. ఆయన పేరు చెప్పగానే చుట్టూ నిలబడ్డ జనం "ఉన్నాడు" అనో "లేడు" అనో అనేవారు. ఎవరూ ఏమీ అనకపోతే "లేడు" అనే రాశాం. పేరు పక్కన నేను 'ఉ' అనో 'లే' అనో గుర్తు వేసేవాణ్ణి. మూడు రోజులు పట్టింది. కొన్ని పేజీల్లో 'ఉ' వెతుక్కోవలసి వచ్చేది. మూడో రోజు సాయంత్రం ఆయన తన సొంత ఇల్లు చెప్పారు. అదే గొంతుతో చెప్పారు. ఆ ఇంట్లో ఆరుగురు. 'ఉ' ఒక్కటే.

అప్పుడే నాతో అన్నారు. "నాయనా, మీరు రాసింది సర్కారు కాగితం. ఎప్పుడో ఒకప్పుడు దానికి ఆర్డరేసి చింపేస్తారు. నాకు తెలియందేముంది. మీరు చిన్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఇది వేరేగా ఒకటి రాసి పెట్టండి." అలాగేనండీ అన్నాను. నేను వాయిదా వేసిన మొదటి మాట అదే. 1984 జనవరిలో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు ఆయన ఉన్నారో లేరో వెళ్ళి చూసొద్దామనుకున్నాను. బందరు నుంచి అవనిగడ్డకి బస్సు ఉంది, అదేమీ కాశీ కాదు. వెళ్ళలేదు.

ఇంతవరకు చెప్పడం నాకు కష్టం కాదు. ఇళ్ళల్లో, పెళ్ళి భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పాను. చెప్పని సంగతి ఇంకొకటుంది.

ఎనిమిదో రోజు సాయంత్రం జాబితా పట్టుకెళ్ళడానికి జీపు వచ్చింది. లాంతరు వెలుగులో మా వాడు కూడికలు వేస్తున్నాడు, నేను కార్బను కాపీలు సరిచూస్తున్నాను. మూడు కాపీలు. అప్పుడు ఒకావిడ వచ్చింది. ఆ ఊరిది కాదు, కోతలకని ఎక్కణ్ణుంచో వచ్చిన కూలీ. కాలవ గట్టు మీద పాకల్లో ఉన్నారట. "మా పిల్ల పేరు రాయండి బాబూ" అంది. ఏ ఇల్లమ్మా అన్నాను. ఇల్లు లేదు బాబూ, గట్టు మీద పాక అంది. కరణం గారి వైపు చూశాను. ఆయనకి తెలిసింది ఊళ్ళో ఇళ్ళు. గట్టు మీద పాకలు ఆయన లెక్కలో లేవు. ఆవిడ పిల్ల పేరు చెప్పింది. నేను రాయలేదని మళ్ళీ ఇంకోసారి చెప్పింది. ఒక పేరు చేర్చాలంటే మొత్తాలు మారతాయి, మూడు కాపీల్లో మారతాయి, బయట జీపు హారన్ కొడుతున్నాడు. నేను అన్నాను, "రేపు రా అమ్మా, అనుబంధం జాబితాలో రాస్తాను."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. నాలుగేళ్ళ సర్వీసుకే నోటికి అలవాటైపోయింది. "రేపు రండి." ముప్పై ఆరేళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నానో లెక్క లేదు. చాలాసార్లు రేపు వచ్చేవాళ్ళు, పని అయ్యేది. ఆవిడ విషయంలో మాత్రం రేపు తెల్లవారుజామునే మమ్మల్ని ఇంకో ఊరికి మార్చారు. మా స్థానంలో వచ్చేవాడికి చెప్పి వెళ్దామనుకున్నాను. వాడు ఆలస్యంగా వచ్చాడు, మా లారీ ముందే కదిలిపోయింది.

ఆ పిల్ల పేరు నాకు గుర్తు లేదు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, బల్ల లేకా కాదు, కళ్ళు ఆనకా కాదు. రాస్తే ఆ సాయంత్రం దాకా రావాలి. ఆ సాయంత్రం దగ్గరికి రాకుండా ఉండాలంటే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. ఇది నాకు అప్పట్లో తెలియదు. బద్ధకం అనే అనుకున్నాను. ఇంట్లో వాళ్ళూ అదే అన్నారు. బద్ధకస్తుణ్ణయితే రేషను కార్డు పనులు, కరెంటు బిల్లులు, ఇరుగు పొరుగు వాళ్ళ పెన్షను కాగితాలు ఎలా చేశాను? ఈ ఒక్క పని దగ్గరే నా చెయ్యి ఆగింది.

మా వాడు, నాతో డ్యూటీ చేసినవాడు, రిటైరయ్యాక హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్రతి జనవరి ఒకటికి ఫోను చేసుకునేవాళ్ళం. "ఏరా, దివిసీమ రాశావా?" అనేవాడు. "ఈ ఏడు తప్పకుండా రా" అనేవాణ్ణి. ఒకసారి, 2016లో అనుకుంటాను, వాడే ఎత్తాడు ఆ మాట. "ఆ కూలామె చెప్పిన పేరు నేను రఫ్ నోటుబుక్కులో రాసుకున్నాను రా. ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు రాసేటప్పుడు అడుగు, చదివి చెబుతాను" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. అప్పుడే అడిగితే అర నిమిషం పని. పేరు ఏమిటి అని అడగవచ్చు, తర్వాత జాబితాలో చేర్పించావా అని అడగవచ్చు. చేర్పించలేదంటే ఏం చెయ్యను? "సరే రా, రాసేటప్పుడు అడుగుతా" అన్నాను.

2021 జనవరి ఒకటిన ఫోను చేస్తే వాడు నన్ను గుర్తుపట్టలేదు. "ఎవరండీ" అన్నాడు, మర్యాదగా. వాడు నన్ను అండీ అనడం అదే మొదటిసారి. 2022లో పోయాడు. పదో రోజుకి వెళ్ళాను. పిల్లాడు మంచివాడు, "బాబాయ్, నాన్న పాత కాగితాలు చాలా ఉండేవి, ఇల్లు మారినప్పుడు అమ్మేశాం, మీకు కావాలని తెలిస్తే ఉంచేవాళ్ళం" అని బాధపడ్డాడు. వాడి తప్పేముంది? కావాలని నేను ఎప్పుడు చెప్పాను గనక?

హైదరాబాదు నుంచి రైల్లో వస్తూ రాత్రంతా నిద్రపట్టలేదు. అయినా మర్నాడే రాశాననుకోకండి. ఇంకో ఏడాదిన్నర పట్టింది. మనిషికి బుద్ధి రావడం, చెయ్యి కదలడం రెండూ ఒకే రోజున జరగవు.

2024 జనవరి ఒకటిన కొత్త డైరీ ముట్టుకోలేదు. తెల్ల కాగితాలు సగానికి చింపి, మనకి చేతనైన పద్ధతిలో మొదలుపెట్టాను. ఒక్కో జ్ఞాపకం ఒక్కో తపాలు. దానికి నంబరు, తేదీ. పాత నోటుబుక్కులో గళ్ళు కొట్టి పర్సనల్ రిజిస్టరు తయారుచేశాను. పొద్దున్న కాఫీ తాగి పేపరు ముట్టుకోకముందే ఒక కాగితం. ముందుమాట లేదు, అధ్యాయం లేదు, వరస లేదు. నంబరు 1, కరణం గారి పొట్టి చొక్కా. నంబరు 2, ఉప్పునీటితో వండిన అన్నం. నంబరు 3, పడవ ఇంటి కప్పు మీదికి ఎలా వచ్చింది. మొదటి వాక్యం ఎలా ఉండాలి అని పదేళ్ళు ఆలోచించినవాణ్ణి, తపాలుకి మొదటి వాక్యం అక్కరలేదని తెలిసేసరికి ప్రాణం లేచొచ్చింది. రత్నం పెన్ను కడిగి ఇంకు పోశాను. మొదట కక్కింది, తర్వాత బాగానే రాస్తోంది.

పిళ్ళె గారు కావాలి కదా. మా మనవరాలు పూనాలో చదువుకుంటోంది. తెలుగు చదవడం వచ్చు, కొంచెం కూడబలుక్కుంటుంది. ప్రతి ఆదివారం ఆ వారం కాగితాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలని ఒప్పందం. పంపకపోతే "రిమైండర్ 1" అని పెడుతుంది. ఆ తర్వాత "రిమైండర్ 2". ఆఫీసు కథలన్నీ నేను చెప్పినవే, నా మీదే ప్రయోగిస్తోంది. ఒకసారి మూడు వారాలు పంపకపోతే "డి.ఓ. లెటర్" అని వాళ్ళ అమ్మ చేత ఫోను చేయించింది.

ఆ మూడు వారాలూ ఎందుకు పంపలేదంటే, ఆ సాయంత్రం దగ్గరికి వచ్చాను. వచ్చి, నీళ్ళ ట్యాంకు కడిగించాను, పాత ఫ్యాను బాగుచేయించాను, అటక మీద సామాను సర్దాను. మా ఆవిడ సంతోషించింది. చివరికి ఒక రోజు కూర్చుని నోట్ ఫైలు రాసినట్టు రాశాను. "సదరు గుమస్తా సదరు మహిళను మరుసటి దినమున రావలసినదిగా కోరియున్నాడు." మన చేతికి ఆ భాష ఎంత హాయిగా వస్తుందో మీకు తెలుసు. ముప్పై ఆరేళ్ళు ఎక్కడా 'నేను' అని రాయలేదు. తప్పు జరిగినా "జరిగినది" అంటాం గాని "చేశాను" అనం. ఆ ఆదివారం మనవరాలు చదివి ఒక్కటే అడిగింది. "తాతయ్యా, ఈ గుమస్తా ఎవరు?"

ఫోను పెట్టేసి, కాగితం కొట్టేసి మళ్ళీ రాశాను. పావుగంట పట్టింది. నలభై ఆరేళ్ళు, పావుగంట.

మొన్న నవంబరులో ఆ ఊరికి వెళ్ళొచ్చాను. గట్టు మీద ఇప్పుడు పాకలు లేవు, డాబాలున్నాయి. కరణం గారి ఇంటి స్థలం చూపించినవాళ్ళున్నారు. ఆయన ఎప్పుడో పోయారు. కోతలకొచ్చిన కూలీల సంగతి ఎవరికీ తెలియదు. తెలుస్తుందని నేనూ అనుకోలేదు.

సంవత్సరం చివర లెక్క చూసుకుంటే 2024కి 366 రోజులు, నా కాగితాలు 112. మూడో వంతు కూడా లేదు. అధికారి అయితే మెమో ఇచ్చేవాడు. అక్షరం కూడా వంకర పోతోంది, కరణం గారు చెప్పిన వరసలో తూర్పు వీధి దాటాక సగం పేర్లు రావడం లేదు. పడమటి వీధి పూర్తిగా మా వాడే రాశాడు, నేను కార్బను సరిచూశానంతే. అందుకే ఈ వేదిక మీదికి రావడానికి ఒప్పుకున్నాను.

మనలో ఇంకా కొంతమంది 1977 నవంబరు, డిసెంబరు నెలల్లో దివిసీమలో డ్యూటీ చేసినవారున్నారు. రెవెన్యూ వారే కాదు, పంచాయతీరాజ్ వారు, పి.డబ్ల్యు.డి. వారు, ఆరోగ్యశాఖ వారు, టీచర్లు కూడా పనిచేశారు. కొందరు లేరు, వారి భార్యలు ఫ్యామిలీ పెన్షనర్లుగా ఇక్కడ కూర్చున్నారు. అమ్మా, మీ ఇంట్లో ఆయన పాత ట్రంకు పెట్టె ఉంటే, నోటుబుక్కులుంటే, పాత కాగితాల వాడిని పిలిచే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. లెక్కలు, రఫ్ కాగితాలు, ఏవైనా సరే. నాకు అక్షరం అర్థం కాకపోయినా ఇబ్బంది లేదు, పాత దస్తూరీలు చదవడమే కదా మన ఉద్యోగం. ఇంటికొచ్చి చదువుకుని అక్కడే ఇచ్చేసి వెళ్తాను.

టిఫిను అయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. నోటుబుక్కు తెచ్చాను, పెన్నులో ఇంకు ఉంది. దివిసీమలో పనిచేసినవారు ఎవరైనా సరే, రేపు కాదు, ఇవాళే ఒక్క పది నిమిషాలు నా దగ్గర కూర్చుని వెళ్ళండి.